మనం మాట్లాడితే అరుపెట్లయింది?



మా నంద్యాల చుట్టూ నవనందులు. ఆళ్లగడ్డ దాటితే అహోబిలం నరసింహుడు. ఎద్దు రంకె వేస్తుంది, సింహం గర్జిస్తుంది. ఏనుగుది ఘీంకారం, ఆవుది అంబారావం. కోకిల కూస్తే కావ్యాల్లో కూజితం. గాడిద మాత్రం ఓండ్ర పెడుతుంది. కుక్క మొరుగుతుంది. ఇంటింటికీ పాలిచ్చే బర్రె ఊరికే అరుస్తుంది.

తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఈ మాటలన్నీ ఇష్టమే. ఓండ్రలో తప్పు లేదు, గాడిదలో అసలే లేదు. వీటిని మనుషులకు పంచిన తీరు మీదే నా తగువు. పెద్దకులపాయన నోరు విప్పితే "సెలవిచ్చాడు". మా పేటవాడు కూలి అడిగితే "ఏందిరా మొరుగుతాండావు". నాయకుల సభ సింహగర్జన, మన ధర్నా అరుపులు, కేకలు.

మన సంఘాలూ గర్జనలు పెడుతుంటాయి. కానీ 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల పోరాటం దండోరా అని పేరు పెట్టుకుంది. ఏ మృగం గొంతూ అరువు తెచ్చుకోలేదు. జాషువా 1941లో గబ్బిలంతో శివుడికి కబురంపాడు. దాని కూతలు చాలావరకు మనిషి చెవికి అందవు. వినపడని గొంతుకే ఆయన కావ్యం కట్టాడు.

ఇక అసలు విషయం. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, 2015 సవరణ తర్వాత, పదిమంది కంటబడే చోట కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కింద నేరం. తిట్టేవాళ్లు ఇది బాగా నేర్చుకున్నారు. కులం పేరు మింగేసి క్రియాపదం ఒక్కటే వదులుతారు: మొరగొద్దు, ఓండ్ర పెట్టొద్దు. అది ఎవరికి తగులుతుందో ఊరందరికీ తెలుసు.

అదే చట్టంలో 3(1)(ఆర్) కూడా ఉంది. పదిమంది కంటబడే చోట, చిన్నబుచ్చాలని కావాలనే అవమానిస్తే నేరం. కులం పేరు పలికి తీరాలన్న షరతు అందులో లేదు. అయితే ఆ అవమానం కులం కారణంగానే జరిగి ఉండాలని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ఫిర్యాదులో "దుర్భాషలాడాడు" అని రాయకండి. ఆ గ్రాంథికంలో సాక్ష్యం కొట్టుకుపోతుంది. అన్న మాట అన్నట్టే, యాసతో సహా రాయండి. ఎక్కడ, ఎవరి ముందు, మనం ఏం అడిగితే అన్నాడో రాయండి. తన కులపోడు అదే అడిగితే ఆ మాటే వాడతాడా? ఆ ప్రశ్న కూడా రాయండి.

జై భీమ్.