గట్టు ఎరుగని ఏనుగు



గత సంవత్సరము మా అల్లుడు ఉద్యోగము చేయుచున్న ఉగాండా దేశమునకు మేమిద్దరము వెళ్లి వచ్చితిమి. కంపాలా పట్టణమునుండి పడమటి దిక్కుగా సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణము చేసి, క్వీన్ ఎలిజబెత్ జాతీయ వనమును చూచితిమి. అక్కడ దేవుడు మాకు నేర్పిన ఒక సంగతిని ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

ఈ వనము 1952లో ఏర్పడినది. 1954లో ఎలిజబెత్ రాణి వచ్చినందున ఆమె పేరు పెట్టిరి. దీని విస్తీర్ణము 1,978 చదరపు కిలోమీటర్లు. ఎడ్వర్డ్, జార్జ్ అను రెండు సరస్సులను కలుపు కజింగా కాలువలో నీటి గుర్రములు మన చెరువులలో గేదెలవలె గుంపులుగా మునిగియుండును. ఇదీ అమీన్ పాలనలోను, ఆ తరువాతి అల్లర్లలోను దంతముల కొరకు ఏనుగులను విచ్చలవిడిగా చంపిరి. 1980 నాటికి సుమారు 150 మాత్రమే మిగిలెను. కాపుదల వలన అవి మరల వేల సంఖ్యకు పెరిగినవి. చూచినప్పుడు మా హృదయములు స్తోత్రముతో నిండెను.

వనము లోపలి వసతి గృహములు మావంటి వారికి అందుబాటులో లేవు. కాబట్టి సరిహద్దుకు వెలుపల, ఒక పల్లెను ఆనుకొనియున్న చిన్న లాడ్జిలో దిగితిమి. గడ్డి కప్పిన గుండ్రని గుడిసెలు, దోమతెరలు, సోలారు దీపము, స్నానమునకు బకెట్టుతో వేడినీళ్లు. ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు పెట్టిరి. మన ఇంటి భోజనమువలెనే తృప్తిగా తింటిమి. అయితే గది అద్దె చెప్పగానే మేము బేరమాడి, చెప్పిన ధరలో మూడవ వంతు తగ్గించుకొంటిమి. దానిని తెలివి అనుకొంటిమి.

రాత్రివేళ నీటి గుర్రములు మేతకు గట్టు ఎక్కును గనుక కావలివాడు తోడు లేనిదే బయటికి రావద్దని చెప్పిరి. ఆ కావలివాడు అరువది ఏండ్ల పెద్దాయన, అక్కడి సంఘ సభ్యుడు. అచ్చటివారు పెద్దలను గౌరవముగా పిలుచునట్లు మేమును ఆయనను ‘మ్జే’ అని పిలిచితిమి. మొదటి రాత్రి దూరమునుండి రేకు డబ్బాలు కొట్టుచున్న శబ్దము, కేకలు వినబడెను. ఏదో పండుగ అనుకొని నిద్రపోతిమి.

తెల్లవారి టీ తెచ్చిన మ్జేను అడిగితిమి. ఆయన నెమ్మదిగా, “పండుగ కాదు. ఏనుగులు మా మొక్కజొన్నలో పడినవి. నా భార్య, కుమారులు తెల్లవార్లు డబ్బాలు కొట్టిరి. నేను ఇక్కడ మీ గుడిసెకు కావలి ఉంటిని” అనెను. ముందటి సాయంత్రము మేము సంతోషముతో ఫొటోలు తీసికొన్న మంద అటువైపే నడచిపోవుట మాకు జ్ఞాపకము వచ్చెను. మాకు కనుల పండుగైనది ఆయనకు కంచములోని అన్నము పోవుటయే.

“ఏనుగుల మీద కోపము లేదా?” అని అడుగగా ఆయన, “దానికి గట్టు తెలియదు గదా అమ్మా. గట్టు తెలిసినది మనుష్యులకే” అనెను.

ఆ మాట మమ్మును పొడిచెను. కుప్పం, పలమనేరు ప్రాంతముల పాఠకులకు దీనిని వివరింప నక్కరలేదు. 1980ల దశకమునుండి అక్కడి రైతులు ఇట్టి రాత్రులనే గడుపుచున్నారు.

నిర్గమకాండము 23:11 తెరచి చూడండి. ఏడవ యేట భూమిని బీడు విడువవలెననియు, దానిలో మొదట బీదలు తినవలెననియు, వారు మిగిల్చినది అడవి మృగములు తినవలెననియు దేవుడు ఆజ్ఞాపించెను. దేవుడు మృగములను మరువలేదు. కాని వాటి మేత ఖర్చును భూమిగలవారందరి మీద పెట్టెనే గాని, ఒక్క బీదవాని మీద పెట్టలేదు. ఆ వరుసను మనము తారుమారు చేసితిమి. చూచి ఆనందించువారము మనము, చెల్లించువాడు మ్జే.

ఉగాండా చట్టములును దీనిని కొంత గుర్తించినవి. వన ప్రవేశ రుసుములో నూటికి 20 వంతులు చుట్టుపట్ల ప్రజలకు చెందవలెనని 1996 చట్టము నిర్ణయించెను. మృగముల వలన కలిగిన నష్టమునకు పరిహారమును 2019 చట్టము చేర్చెను. అయినను పంట పోయిన ఉదయమున గిన్నెలో నూక ఉండదు. 2018 ఏప్రిల్‌లో ఈ వనములోనే ఒక జాలరుల పల్లె దగ్గర పదకొండు సింహములు విషము వలన చనిపోయెను. నష్టమును బీదవాడు ఒంటరిగా మోయునంతకాలము మృగములకును క్షేమము లేదు.

బయలుదేరునప్పుడు మేము మొదట చెప్పిన పూర్తి ధరను చెల్లించి, బేరమాడినందుకు క్షమాపణ కోరితిమి. మీ కొరకు ఏమి చేయగలమని మ్జేను అడిగితిమి. ఆయన డబ్బు అడుగలేదు. “కూరగాయలు మా పల్లెలోనే కొనుమని యజమానికి చెప్పండి. అతిథులు చెప్పినయెడల వినును” అనెను. చెప్పితిమి. ఆయన వినెను, ఆ వారమునుండే మొదలుపెట్టెదననెను.

మీ పిల్లలు విదేశములనుండి పిలిచి, మీరును ఇట్టి చోటికి వెళ్లినయెడల, కనీసము పది దినముల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొని ఆ పత్రమును వెంట ఉంచుకొనుడి. తిరిగి వచ్చునప్పుడు మన దేశములోను చూపవలెను. మలేరియా మందుకు వైద్యుని అడుగుడి. చవుకైన వసతిని వెదకుట తప్పు కాదు. కాని ఇక్కడ పనిచేయువారు ఏ ఊరివారు, వంటకు ధాన్యము ఎక్కడిది అని కూడ అడుగుడి.

అంత దూరము వెళ్లనివారికి కూడ ఇదే పాఠము. సంతలో ఆకుకూర అమ్మునామెతో రూపాయి కొరకు బేరమాడునప్పుడు, ఆమె రాత్రి ఏ కావలి కాసి వచ్చెనో ఒక్క నిమిషము తలంచుదము. మన లాభము ఎవరి నష్టమో చూచు కన్నులను ప్రభువు మన కుటుంబములకు దయచేయును గాక. ఆమేన్.