బేరింగుల బండి సినిమాకు పనికిరాదా?

సినిమా తెర మీద మన సీమను చూసినారు గదా? 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర', వాటి వెనక వరసగా ఎన్నో. సుమోలు, నాటుబాంబులు, తొడ చరుపులు! 2003లో 'ఒక్కడు' వాళ్ళు మన కొండారెడ్డి బురుజును లోకానికి చూపించినారు, అక్కడా తన్నులాటే. ఆ బురుజు పక్క వీధిలో పొద్దున్నే కొట్టు తెరిచే పంక్చరు మనిషి మాత్రం ఎవరి కెమెరాకూ ఆనలేదు.

ఆ మనిషిని తెరకెక్కించే పని మనమే చేయాలని నా వాదన. కథ కోసం మద్రాసు, హైదరాబాదు పోనక్కరలేదు. కథ మన సందుల్లోనే గరగరమని దొర్లుతా ఉంది. దాని పేరు బేరింగుల బండి.

ఒక చెక్క పలక, వెనక రెండు బేరింగులు, ముందు ఒకటి, తిప్పడానికి అడ్డకర్ర. అంతే బండి! ఏ అంగట్లోనూ అమ్మరు. మా పల్లెల్లో బోరు మోటారు పాడైతే మెకానిక్కు బేరింగు మార్చి పాతది పక్కన పడేస్తాడు. మోటారుకు పనికిరానిది పిల్లోళ్ళకు చక్రమవుతుంది. పలక వడ్లాయన ఇస్తాడు. ఇరుసుకు కమ్మీ కోసిచ్చేది వెల్డింగు షాపు. ఒక్క బండి వెనక ఇన్ని చిన్న కొట్లున్నాయి! జారుడు ఘర్షణ కన్నా దొర్లుడు ఘర్షణ తక్కువని మనం బట్టీ పట్టి రాసే జవాబును ఆ పిల్లోళ్ళు పదేళ్ళకే దాని మీద కూర్చుని రుజువు చేస్తారు.

అమెరికాలో స్కేట్‌బోర్డు పుట్టిందీ ఇట్లాగే. 1950లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు చెక్క పలకకు రోలర్ స్కేట్ల చక్రాలు బిగించుకున్నారు. 1976–77లో అక్కడ పెద్ద కరువొచ్చింది. ఇళ్ళల్లో ఈతకొలనులు ఎండిపోతే, ఆ ఒట్టి గుంతల వంపుల్లో బోర్డులు తోలి ఆటకు కొత్త రూపమే తెచ్చినారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఆ ఆట మొదటిసారి చేరింది. కరువు మనకేమన్నా కొత్తా? కరువులో పుట్టిన తెలివిని వాళ్ళు సినిమాలు తీసి చెప్పుకున్నారు. మనం ఎండిన చెరువు ఫోటో దగ్గరే ఆగిపోయినాం.

ఇక ఈ కొట్లు ఎవరివి? మన ఊళ్ళల్లో పంక్చరు కొట్లు, మెకానిక్కు షెడ్లు చాలావరకు ముస్లిములవి. చెప్పులు కుట్టే పెట్టె ముందు కూర్చున్నది మాదిగ అన్న. ఈ మధ్య సోషల్ మీడియాలో 'పంక్చర్‌వాలా' అన్నది ముస్లిములను తిట్టే మాటయింది. నడి చేలో ట్రాక్టరు టైరు గాలి దిగినప్పుడు ఎవరి కోసం పరిగెత్తుతామో తిట్టేవాళ్ళకు గుర్తుండదు పాపం! ఫిలడెల్ఫియాలో స్టీవీ విలియమ్స్ అనే నల్లజాతి స్కేటరును, అతని స్నేహితులను 'మురికివాడ పిల్లలు' అని ఎగతాళి చేసేవాళ్ళు. 2002లో అతను ఆ తిట్టులోని పొడి అక్షరాలతోనే 'డి.జి.కె.' అని సొంత బోర్డుల కంపెనీ పెట్టినాడు. తిట్టే ట్రేడ్‌మార్కయింది! ఆ తెగువ మనకెందుకు ఉండకూడదు?

'ఇవన్నీ అమెరికా కబుర్లప్పా' అంటారేమో. మహాబలిపురం మనకెంత దూరం? ఆ ఊరి జాలరిపేట పిల్ల కమలి స్కేటింగు మీద, ఆమెను ఒంటరిగా సాకిన తల్లి మీద 'కమలి' అనే చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. 2020లో బాఫ్టా లఘుచిత్రాల పోటీలో నిలిచిన అయిదింట్లో అదొకటి. గెలిచింది కాబూలు ఆడపిల్లల స్కేటింగు బడి మీద తీసిన చిత్రం. ఆ ఏడు ఆస్కారు కూడా దానికే. అయితే ఒక్క మాట. 'కమలి' తీసింది విదేశీ దర్శకురాలు. మన కథకు కూడా బయటివాళ్ళే రావాలా?

నీళ్ళు, ఉద్యోగాలు లేని చోట ఆటల సినిమా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. సినిమా తీస్తే హంద్రీలో నీళ్ళు పారవు. కానీ పనికి మర్యాద లేని చోట ఏ స్కీమూ కిందిదాకా దిగదు. లోను కోసం పోయిన కొట్టు మనిషిని గుమ్మంలోనే నిలబెట్టేది ఆ మర్యాద లేనితనమే.

కాబట్టి యూనియనుకు నా విన్నపం. వార్షికోత్సవంలో సౌండు బాక్సులకు పోసే డబ్బులో కొంత తీసి ఏటా ఒక పది నిముషాల సినిమా తీద్దాం. సెల్‌ఫోను కెమెరా చాలు. తరుణ్ భాస్కర్ కూడా 'సైన్మా' అనే షార్ట్ ఫిలిం తీసినాకే 2016లో 'పెళ్ళిచూపులు' దాకా పోయినాడు. కొట్టు మనిషి ఒప్పుకుంటేనే తీయాలి. షూటింగుకు పోయిన పూట కూలి కట్టివ్వాలి. మొదటి టైటిలు ఆయన పేరే కావాలి. మొదటి ఆట కాలేజీ ఆడిటోరియంలో గాక ఆయన వీధిలో గోడ మీద వేయాలి. అయ్యో పాపమనే సంగీతం మాత్రం వద్దు. ఆ మనిషి పనిమంతుడు, దిక్కులేనివాడు కాదు.

బాంబు చప్పుడు లోకమంతా విన్నది, చాలు. బేరింగుల చప్పుడు వినిపిద్దాం రండి!

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి