జట్టు పోతే పోనీ, చరిత్రను మాత్రం ఊరికే వదలాలి



ఓక్లాండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు ఊరు వదిలిపోయిన సంగతి మీద మన గ్రూపులో ఒక పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశారు: "జట్టు యజమానిది, ఆయన ఇష్టం. మధ్యలో అభిమానుల ఏడుపేమిటి?" ఫ్రీమాంట్‌లో, శాన్ హోసేలో స్థిరపడ్డ మన పిల్లల్లో ఆ మైదానానికి బార్ట్ రైలెక్కి వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల తరఫునే కాదు, న్యాయం తరఫున కూడా ఈ మాటకు జవాబు చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ జట్టు పూర్వాపరాలు. 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. కానీ మ్యాక్ అనే ఆయన 1950 దాకా, అంటే యాభై సీజన్లు, దానికి మేనేజరు. అక్కడ ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచింది. 1955లో కాన్సస్ సిటీకి తరలించారు, 1968లో ఓక్లాండ్‌కు. ఓక్లాండ్‌లో 1972, 73, 74 వరసగా మూడేళ్లు గెలిచింది, మళ్లీ 1989లో. మొత్తం తొమ్మిది. ఇప్పుడు శాక్రమెంటో పక్కన, సుమారు 14,000 మంది పట్టే చిన్న లీగు మైదానంలో తలదాచుకుంటోంది. 2028లో లాస్ వేగాస్‌కు వెళ్తామంటున్నారు. మధ్యలో ఈ మూడేళ్లకు జట్టు పేరు ముందు ఏ ఊరి పేరూ లేదు. ఉత్త "అథ్లెటిక్స్". ఉన్న ఊరి పేరు చెప్పుకోవడానికి కూడా మనసు రాని జట్టు, వదిలేసిన ఊళ్ల తొమ్మిది కప్పులను మాత్రం తన ఖాతాలోనే రాసుకుంటోంది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

"జనం రాలేదు కాబట్టి వెళ్లారు" అంటారు. 1990లో అదే ఓక్లాండ్‌లో ఒక్క సీజన్లో 29 లక్షల మంది వచ్చారు. 2018లోనూ, 2019లోనూ జట్టు 97 ఆటలు గెలిచింది. 2022 సీజనుకు ముందు ఓల్సన్, చాప్‌మన్ లాంటి మంచి ఆటగాళ్లను వరసబెట్టి వేరే జట్లకు ఇచ్చేశారు. 2023లో 112 ఆటలు ఓడిపోయారు. కొట్లో సరుకు తీసేసి, గిరాకీ లేదని షట్టరు దించేవాణ్ణి మన బజారులో ఏమంటారో మీకు తెలుసు.

అయినా జనం ఏం చేశారో చూడండి. 2023 జూన్ 13న, అంత ఘోరంగా ఓడుతున్న జట్టు ఆటకు పనిగట్టుకుని 27,759 మంది వచ్చారు. "జట్టును అమ్మేయ్" అని యజమాని జాన్ ఫిషర్‌ను ఉద్దేశించి అరిచారు. బహిష్కరణ అంటే రాకపోవడం. వీళ్లు వచ్చి నిరసన చెప్పారు, "మేం లేమన్నది అబద్ధం" అని రుజువు చేయడానికి. అదే వారంలో నెవాడా రాష్ట్రం కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల సొమ్ము ఇవ్వడానికి చట్టం చేసింది. నవంబరులో 30 జట్ల యజమానులు ఓటేస్తే, ముప్పయ్యీ సరేనన్నాయి.

ఓక్లాండ్ స్టేడియం పాడుబడిందన్నది నిజమే. మురుగునీరు పైకి తన్నిన మాటా నిజమే. రేవు పక్కన కొత్త స్టేడియం కట్టాలని ఏళ్ల తరబడి జరిగిన బేరం తెగకపోవడంలో ఊరి పాలకుల ఆలస్యం కూడా ఉండవచ్చు. దాన్ని నేను కాదనను. కానీ "ఇది ఉత్త వ్యాపారం" అనే మాట చెల్లదు. వ్యాపారమైతే ప్రజల సొమ్మెందుకు? వ్యాపారమైతే 1922లో అమెరికా సుప్రీంకోర్టు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి బేస్‌బాల్‌కు ఇచ్చిన మినహాయింపు ఇంకా ఎందుకు? జట్లు ముప్పయ్యే, కావాలనే ఊళ్లు ఎన్నో. ఆ కొరతను చూపించే ఒక ఊరి మీద ఇంకో ఊరిని పోటీకి దింపుతారు. లాభం వచ్చేటప్పుడు వ్యాపారం, సొమ్ము అడిగేటప్పుడు ప్రజల వారసత్వమా?

మరి ఏం చేయాలి? దారి ఉంది. 1995లో క్లీవ్‌లాండ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును దాని యజమాని బాల్టిమోర్‌కు తీసుకెళ్తానన్నాడు. ఊరు కోర్టుకెక్కింది. చివరికి కుదిరిన ఒప్పందంలో ఆటగాళ్లూ సిబ్బందీ వెళ్లారు, "బ్రౌన్స్" అన్న పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. ఓక్లాండ్‌కూ అదే జరగాల్సింది. ఓక్లాండ్‌లో పెరిగి, కెరీర్ మొత్తంలో 1,406 బేస్‌లు దొంగిలించి రికార్డు సృష్టించిన రికీ హెండర్సన్ ఏ ఊరి బిడ్డ? 1989 వరల్డ్ సిరీస్ మధ్యలో భూకంపం వచ్చి, పది రోజులు ఆట ఆగి, ఆ శిథిలాల మధ్యే గెలిచిన కప్పు ఏ ఊరిది? లాస్ వేగాస్‌దా?

మదరాసులో ఉన్న మనకు ఇది ఎవరో చెప్పాల్సిన పని లేదు. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్లింది, వెళ్లనీ, తప్పులేదు. వాహినీ స్టూడియో ఉన్న వడపళనిలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. అంతమాత్రాన "మాయాబజార్" హైదరాబాదులో తీశారని ఎవరైనా అంటే ఊరుకుంటామా? పరిశ్రమ మారింది, పుట్టిన చోటు మారలేదు. ఇల్లు ఖాళీ చేసినవాడు సామాను తీసుకుపోతాడు, వీధి పేరు పీక్కుపోడు.

2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్‌లో ఆఖరి ఆటకు 46,889 మంది వచ్చారు. ఆ ఏడాదే ఆ ఊళ్లో బాలర్స్ అనే చిన్న జట్టు ఆడడం మొదలుపెట్టింది, అభిమానులకు వాటాలు కూడా అమ్మింది. జట్టంటే ఎవరిదో వాళ్లకు అర్థమైంది.

కాబట్టి పెద్దాయనకు నా మనవి ఒక్కటే. జట్టు కాగితాలు యజమానివే, ఒప్పుకుంటాను. యాభై ఏడేళ్లు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ల జ్ఞాపకం ఏ రిజిస్ట్రారు ఆఫీసులో, ఎవరి పేరున రాశారో చూపించండి. చూపిస్తే నా వాదన వెనక్కి తీసుకుంటాను.