ఆడపిల్లకు బాకా ఎందుకు?

చాలా రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. విషయాలు లేక కాదు, తీరిక లేక. ఈవేళ మాత్రం కోపమే తీరికను వెదికి తెచ్చింది. కోపంలో వ్రాసినదాన్ని ఒక రాత్రి ఆగి, మరునాడు చదువుకొని, దిద్దుకొని ప్రకటించడం నా అలవాటు. ఈసారి ఆగలేదు. చదువరులు మన్నింతురు గాక.

మా చెల్లెలి కుటుంబం ఇక్కడే న్యూజెర్సీలో, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది. దాని కూతురికి పదిహేనేళ్ళు, పదవ తరగతి. ఆ పిల్ల నాలుగేళ్ళుగా ట్రాంబోన్ వాయిస్తోంది. ట్రాంబోన్ పొడవాటి ఇత్తడి బాకా. సన్నాయికున్నట్లు దానికి రంధ్రాలుండవు, ట్రంపెట్టుకున్నట్లు మీటలుండవు. ఒక గొట్టం మీద మరొక గొట్టం జారుతుంది. ఆ జారుడుకు ఏడు స్థానాలు, కాని వాటికి గుర్తులేమీ ఉండవు. చెయ్యీ చెవీ కలిసి వెదుక్కోవలసిందే. ఫిడేలు పట్టినవారికి ఈ కష్టం వెంటనే బోధపడుతుంది. (గమకం పలకడానికి ఇత్తడి వాద్యాల్లో ఇంతకన్నా అనువైనది లేదని నా అభిప్రాయం. ఆ వాదం మరొకసారి.)

మొన్న ఆదివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక ఒక మూల ఉన్న ట్రాంబోన్ పెట్టెను చూసి, బంధువుల్లో పెద్దాయన ఒకరు అందుకున్నారు. "ఆడపిల్లకు బాకా ఎందుకమ్మా? బుగ్గలు ఉబ్బించుకొని ఊదడం ఏం అందం? ఏ వీణో నేర్పించకపోయారా?" నలుగురూ నవ్వారు. మా చెల్లెలు కూడా నవ్వుతూ, "ఈ ఒక్క ఏడాదేనండీ బాబాయిగారూ, వచ్చే ఏడు మానిపిస్తున్నాం. పదకొండో తరగతి కదా," అంది. ఆ సంగతి ఆ పిల్లకు అంతవరకు తెలియదు. పాయసం గిన్నెల పళ్ళెం చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెం బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది.

నేనూ అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. ఈ కోపంలో సగం నా మీదనే.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు వద్దాము. అందం సంగతి ముందు. బుగ్గలు ఉబ్బించి ఊదడం ఆడదానికి తగదనేవారికి కాలీషాబీ మహబూబ్ గారి పేరు తెలియదా? ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళి, భర్త షేక్ మహబూబ్ సుభానీతో కలిసి నాదస్వరం వాయించే విదుషి ఆమె. ఆ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. నాదస్వరానికి కావలసిన ఊపిరితో పోలిస్తే మా పిల్ల ట్రాంబోన్ చలివేళ చెయ్యి ఊదుకున్నంత. దేవుడి కల్యాణంలో ఆడది ఊదితే మంగళవాద్యం, బడిలో ఊదితే బాకానా?

"మన సంగీతం కాదు" అనేది రెండో మాట. వయొలిన్ ఎవరి సంగీతం? పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో బాలుస్వామి దీక్షితులు దాన్ని చేతబట్టేవరకు అది దొరల వాద్యం. నూరేళ్ళు తిరిగేసరికి, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల తెరిచినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైతే, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ చేతిలోని మాండొలిన్ ఎవరిది? ఇటలీ వాద్యం, పైగా విద్యుత్తుతో మ్రోగేది. ఆ కుర్రవాడు పద్నాలుగేళ్ళప్పుడు, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. మన తెలుగువాళ్ళం ఆ సంగతిని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాము. మగపిల్లవాడు జాజ్ ఉత్సవానికి వెళ్తే ఘనత, ఆడపిల్ల జాజ్ నేర్చుకుంటే "ఎందుకమ్మా"!

ఇక "ఏ వీణో" అన్న సలహా గురించి. వీణ మీద నాకు అలక లేదు. కాని ఆ వీణనూ పాటనూ తరతరాలు కాపాడిన స్త్రీలను మనమెలా చూశాము? త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉంటే సొంత సొమ్ముతో గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని సరిచూసి అచ్చు వేయించినదీ ఆమే. తిరువయ్యూరు ఆరాధనలో ఆడవాళ్ళు పాడడానికి వీల్లేదంటే, స్త్రీల కోసం వేరే ఆరాధన నడిపింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాకగాని ఆ పట్టింపు సడలలేదు. కనుక "మన సంగీతం" ఆడపిల్లలను ఎప్పుడూ నెత్తిన పెట్టుకున్నట్లు మాట్లాడకండి. ఒకప్పుడు సంగీతమే కుటుంబ స్త్రీలకు తగదన్నాము. తర్వాత ఆ సంగీతమే తగినదనీ తక్కినవి తగవనీ అంటున్నాము.

ఇప్పుడు ఎవరూ పైకి అనని మాట ఒకటి చెప్పాలి. జాజ్ నల్లవారి సంగీతం. న్యూ ఆర్లీన్సులో బానిసల సంతతి పుట్టించిన సంగీతం. "క్లబ్బులు, తాగుడు, ఆ మనుషులు" అని మా మరిది గొంతు తగ్గించి అన్నప్పుడు, ఆ చివరి రెండు మాటల్లో ఉన్నది ఇదే. నాకిది మహా సిగ్గు. 1965లో ఈ దేశపు వలస చట్టం మారకపోతే మనలో ఎందరు ఇక్కడ అడుగు పెట్టేవాళ్ళం? ఆ మార్పు వచ్చిన కాలం ఏది? నల్లవారు వీధుల్లో దెబ్బలు తిని పౌరహక్కులు సాధించుకున్న కాలం. వాళ్ళు తెరిపించిన తలుపులో నుంచి లోపలికి వచ్చి, ఇల్లు కొనుక్కొని, వాళ్ళ సంగీతం మన పిల్లకు తగదంటున్నాము.

ఆ సంగీతంలో ఆడపిల్లల చరిత్ర ఎలాంటిదో కొంచెం చెప్తాను. మిసిసిపీలో పైనీ వుడ్స్ అని నల్లపిల్లల కోసం పెట్టిన ఒక బడి ఉంది. 1930ల చివర ఆ బడి పిల్లలతో పుట్టిన బృందం "ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్". అందరూ ఆడపిల్లలే. తర్వాత తెల్ల అమ్మాయిలు కూడా చేరారు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారూ తెల్లవారూ ఒకే వేదిక మీద కూర్చోవడం నేరం. పోలీసులు గుర్తుపట్టకుండా తెల్ల అమ్మాయిలు ముఖాలకు రంగు పూసుకొనేవారట. హోటళ్ళు రానివ్వవు కనుక బస్సులోనే పడక. 1945లో యూరపు వెళ్ళి సైనికులకు కచేరీలు చేసి వచ్చారు. మన అమ్మమ్మల వయసువాళ్ళు!

మెల్బా లిస్టన్ కథ అయితే మా పిల్లకు నేనే చెప్పాను. 1926లో కాన్సాస్ సిటీలో పుట్టింది. ఏడేళ్ళప్పుడు ట్రాంబోన్ మీద మనసుపడి కొనిపించుకుంది. ఆ జారుడు గొట్టం చివరి స్థానాలకు చెయ్యి అందని వయసు. పదిహేడేళ్ళకు, 1943లో, జెరాల్డ్ విల్సన్ బృందంలో చేరింది. డిజ్జీ గిలెస్పీ బృందంతో 1956లో అమెరికా ప్రభుత్వం తరపున విదేశాలు తిరిగింది. 1958లో తన పేరు మీద ఒక రికార్డు చేసింది, తోటి వాద్యకారులు కూడా ట్రాంబోన్ వారే. పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్ బాణీలకు దశాబ్దాలపాటు వాద్యగోష్ఠి కూర్చింది. ఇక్కడితో ఆపితే అది పిల్లల పుస్తకంలోని కథ. నడుమ దక్షిణాదిలో పడ్డ కష్టాలతో విసిగి, వాద్యం పక్కన పెట్టి, విద్యాశాఖలో గుమాస్తాగిరీ చేసింది. స్త్రీగా పర్యటనల్లో పడ్డ హింసను గురించి తర్వాతి కాలంలో దాపరికం లేకుండా మాట్లాడింది. అంటే మా మరిది భయం వట్టి ఊహ కాదు. ఆ లోకంలో ఆడపిల్లకు ప్రమాదం ఉన్నమాట నిజం. బాస్టనులోని బర్క్లీ సంగీత కళాశాలలో డ్రమ్మర్ టెరీ లిన్ కారింగ్టన్ 2018లో జాజ్‌లో స్త్రీల న్యాయం కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ స్థాపించవలసి వచ్చిందంటే, ఊరికే కాదు కదా.

అయితే దానికి మందు ఏది? ఇంజనీరింగు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఆడపిల్లలకు ప్రమాదాలు లేవా? వాటిని చూసి చదువు మానిపించామా? తోడు వెళ్ళాము, ఫోను నంబర్లు తీసుకున్నాము, ఎవరితో జాగ్రత్తగా ఉండాలో చెప్పాము. బాకా విషయంలో మాత్రం జాగ్రత్త అనగానే మానిపించడమే ఎందుకు గుర్తొస్తుంది?

మెల్బాకు చిన్నతనంలో లాస్ ఏంజిలిసులో సంగీతం నేర్పిన ఆల్మా హైటవర్ అనే ఉపాధ్యాయిని ఒకావిడ ఉంది. తన బంధువుల పిల్లకు కూడా పన్నెండేళ్ళప్పుడు శాక్సఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టింది. ఆ పిల్ల తర్వాత వై రెడ్ అని పేరు తెచ్చుకుంది. ఇంటిలో ఒక్క పెద్దావిడ ఉంటే చాలునేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

చదువు పాడవుతుందనే వాదం ఒకటి మిగిలింది. దానికి జవాబు చెప్పడం కూడా దండగ. ఇదే ఊళ్ళో అరంగేట్రానికి పెళ్ళికి పెట్టినంత ఖర్చు పెట్టి, హాలు మాట్లాడి, మద్రాసు నుంచి వాద్యబృందాన్ని రప్పించి, అదే పదకొండవ తరగతి పిల్లచేత ఆరు నెలలు రోజూ సాధన చేయించే తల్లిదండ్రులను పదిమందిని చూశాను. అప్పుడు పాడుకాని చదువు వారానికి రెండు మధ్యాహ్నాల అభ్యాసంతో పాడవుతుందా? అసలు ఆ పిల్లను జాజ్‌లో చేర్చినదే కాలేజీ దరఖాస్తులో ఒక వరుస నింపడానికట. మూడేళ్ళు చాలునట, వరుస నిండిందట. మా చెల్లెలు ఫోనులో నాతో ఈ మాట అన్నది. కూరలో కరివేపాకును కూడా ఉడికాక తీస్తాము.

నా అనుమానమేమిటంటే, వీళ్ళు భయపడుతున్నది క్లబ్బులకు కాదు, ఊదడానికి కాదు. అసలు భయం మొన్న వసంతకాలపు కచేరీలో బయటపడింది.

ఆ రోజు వాళ్ళు వాయించినవాటిలో డ్యూక్ ఎలింగ్టన్ "సి జామ్ బ్లూస్" ఉంది. చిత్రమైన బాణీ. మొత్తం మీద రెండే స్వరాలు, మన లెక్కలో పంచమం, షడ్జమం. పన్నెండు ఆవర్తాలు ఆ రెంటితో నడిపి, ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి అదే పన్నెండు ఆవర్తాల చట్రంలో తమకు తోచినది అప్పటికప్పుడు కల్పించాలి. కాగితం మీద ఏమీ ఉండదు. అవధానం చూసినవారికి ఇది కొత్త కాదు. సమస్య ఇస్తారు, ఛందస్సు తప్పకూడదు, పద్యం మాత్రం నీది. కల్పనాస్వరం పాడేవారికీ కొత్త కాదు. కాని మనం మన ఆడపిల్లలను ఎందరిని అవధానానికి కూర్చోబెట్టాము? కీర్తన నేర్పుతాము, తప్పు లేకుండా ఒప్పజెప్పమంటాము. ఒప్పజెప్పితే బంగారుతల్లి అంటాము.

మా పిల్ల లేచి నిలబడింది. మొదటి రెండు ఆవర్తాలు ఏమీ వాయించలేదు. హాలంతా వేచి ఉంది. వెనుక డ్రమ్ము, బాసు నడుస్తూనే ఉన్నాయి. అప్పుడు ఒక్క స్వరం, కిందినుంచి జారుతూ వచ్చి నిలిచింది. దాన్నే మళ్ళీ, ఈసారి కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత బాకా మూతికి రబ్బరు గిన్నె అడ్డం పెట్టి మూస్తూ తీస్తూ మనిషి గొంతులా మాట్లాడించింది. అది సింకు అడ్డుపడితే నీళ్ళగొట్టాలవాళ్ళు వాడే రబ్బరు గిన్నెయే. ఎలింగ్టన్ బృందంలో ట్రికీ శామ్ నాంటన్ దానితో మాట్లాడించినవాడే. (దుకాణంలో కొత్తది కొని కర్ర ఊడదీసింది. స్నానాల గదిలోది తీసిందేమోనని మా మరిది ఒక పూట అంతా అలిగాడు.) పక్కనున్న తెల్లావిడ చప్పట్లు కొట్టింది. మా చెల్లెలు తల వంచుకుంది. కూతురు నలుగురి ముందు లేచి, ఎవరూ వ్రాసివ్వని మాటను తన ఇష్టం వచ్చినట్లు చెప్తుంటే దానికి ముచ్చెమటలు పోశాయి. ఆ ముఖం నేను చూశాను.

నాకు తెలుసు ఆ ముఖం. నాకు పదహారేళ్ళప్పుడు మా అమ్మది అదే ముఖం. ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఇంటర్మీడియెట్ అయ్యాక, "పెళ్ళిచూపుల్లో రెండు కీర్తనలు వాయించడానికి వచ్చింది కదా, చాలు," అన్నారు నాన్నగారు. చెడ్డవారు కారు. మంచి మాటగానే అన్నారు. పెళ్ళిచూపుల్లో రెండూ వాయించాను. ఆ ఫిడేలు ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు. మా చెల్లెలికి అప్పుడు పదేళ్ళు. అదంతా చూసింది, ఏమి నేర్చుకున్నదో నేను అడగలేదు.

కచేరీ అయ్యాక ఆ పిల్ల కారు దగ్గరకు వచ్చి, "పెద్దమ్మా, తప్పు వాయించానా? అమ్మ ఏమీ అనలేదు," అంది. "బాగుందమ్మా," అన్నాను. అంతకన్నా మాట రాలేదు. అవధానం గురించి, మెల్బా గురించి ఇన్ని వాక్యాలు ఇక్కడ వ్రాస్తున్నదాన్ని, ఆ చీకట్లో ఆ పిల్లకు ఒక్క మాట సరిగా చెప్పలేకపోయాను.

నిన్న రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. గంటసేపు మాట్లాడుకున్నాము, అందులో అరగంట పోట్లాట. వచ్చే ఏడాది మంగళ, గురువారాలు బడి నుంచి దాన్ని తీసుకురావడం నా పని, వేసవిలో ట్రాంబోన్ అద్దె కూడా నాదే, లెక్కల ట్యూషను మానకుండా చూసే పూచీ నాదే అని చెప్పాను. "ఆయన్ని అడిగి చెప్తాను," అంది. మా మరిది ఇంతవరకు ఏమీ అనలేదు. గురువారం మూడున్నరకు మాత్రం బడి వాకిట్లో ఉండబోతున్నాను, ఎవరు ఏమన్నా.