నేల ఎలా ఖాళీ అయింది?

నేను చెప్పేది తెలుగు సాహిత్యం. భూగోళశాస్త్రంతో నీకేం పని అని తోటి అధ్యాపకులు ఆక్షేపిస్తే కాదనను. కాని మాటల బాగోగులు చూడటం నా వృత్తి. అందుచేత ఒక మాట గురించి తగాదా పెట్టుకోక తప్పటం లేదు. ఆ మాట ‘ఖాళీ’.

బి.ఏ. చదివే ఒక అమ్మాయి తన భూగోళం గైడు తెచ్చి చూపించింది. జనం పలచగా ఉన్న గ్రామీణ ప్రాంతానికి ఉదాహరణగా అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రాన్ని ఇచ్చారు. కారణాలు మూడు: చలి, వానలేమి, సముద్రానికి దూరం. కనుక ఆ ప్రాంతం ప్రకృతిసిద్ధంగానే ఖాళీ అని కింద తీర్పు. “ఇది సరైనదేనా సార్?” అని అడిగింది.

గైడుకు దక్కవలసిన న్యాయం ముందు దక్కనిద్దాం. ఆ రాష్ట్రం వైశాల్యం సుమారు 1,83,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణకు ఒకటిన్నర రెట్లు పైమాటే. 2020 జనగణనలో తేలిన జనం 7,79,094. చదరపు కిలోమీటరుకు నలుగురు. స్లోప్ అనే కౌంటీ మొత్తానికి 706 మంది! చలి మాటా అబద్ధం కాదు. 1936 ఫిబ్రవరిలో పార్షల్ అనే ఊళ్లో సున్నాకు దిగువన 60 ఫారెన్‌హీట్ డిగ్రీలు నమోదయింది. అదే ఏడు జూలైలో స్టీల్ అనే ఊళ్లో 121 డిగ్రీల ఎండ కాసింది. తూర్పున ఎర్రనది లోయ ఒకనాటి మహా సరస్సు అడుగు, బల్లపరుపుగా ఉండే సారవంతమైన నేల. పడమటికి పోయినకొద్దీ వాన తగ్గుతుంది, మిస్సోరీ నది దాటితే మెరక, ఆపైన కోతపడిన గుట్టలు. ఇంతవరకు గైడుతో నాకు పేచీ లేదు.

కాని చలే కారణమైతే, జనసంఖ్య చలిని బట్టి పెరిగి తరగాలి గదా! 1930లో అక్కడ 6,80,845 మంది ఉన్నారు. 2010లో 6,72,591. ఆ ఎనభై ఏళ్లలో అమెరికా జనాభా రెండింతలు దాటిపోగా ఇక్కడ మాత్రం తగ్గింది. ఆ తరువాతి పదేళ్లలో ఒక్కసారిగా లక్షకు పైగా పెరిగింది. ఆ పదేళ్లలో డకోటాలో చలి తగ్గిందా? సముద్రం దగ్గరికి జరిగిందా? బాకెన్ రాతిపొరల్లోని చమురు బయటికి లాగే ఉపాయం దొరికింది, అంతే. మెకంజీ కౌంటీ జనం 6,360 నుంచి 14,704కు ఎగబాకారు. చమురు కంపెనీలకు కూలీలు కావలసివచ్చినప్పుడు చలి అడ్డం రాలేదు.

తగ్గినప్పుడూ అంతే. 1935లో ఆ రాష్ట్రంలో 84 వేలకు పైగా కమతాలుండేవి; 2022 నాటికి 25 వేలు మిగిలాయి. సగటు కమతం 1,500 ఎకరాలు దాటింది. కరువు, అప్పు, ట్రాక్టరు మూడూ కలిసి చిన్న రైతును సాగనంపాయి. గోధుమ పండుతూనే ఉన్నది. పండించేవాడే లెక్కలోంచి జారిపోయాడు.

ఇంకా వెనక్కి పోదాం. 1870 జనగణనలో ఇప్పటి నార్త్ డకోటా ప్రాంతానికి వేసిన లెక్క 2,405. పన్ను కట్టని ఇండియనులను ఆ లెక్కలో చేర్చలేదు! మిస్సోరీ ఒడ్డున మట్టి ఇళ్లు కట్టుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించి చుట్టుపక్కల జాతులతో వర్తకం చేసిన మాండాన్, హిడాట్సా, అరికరా ప్రజలు జనం కారన్నమాట. 1837లో బొచ్చుతోళ్ల వర్తకుల స్టీమరుతోపాటు మశూచి వచ్చింది. సుమారు 1,600 మంది ఉన్న మాండాన్ జాతిలో రెండు వందల మందైనా మిగల్లేదు. మిగిలినవారికి 1851 ఒప్పందం కోటి ఎకరాలకు పైగా భూమిని వారిదేనని గుర్తించింది. తరువాత ప్రభుత్వ ఉత్తర్వులొచ్చాయి, రైలు కంపెనీ వచ్చింది. శతాబ్దం ముగిసేసరికి ఆ కోటి, పది లక్షలకు లోపు పడింది. రాజధానికి బిస్మార్క్ అని పేరెందుకు పెట్టారో తెలుసా? జర్మన్ పెట్టుబడిని రప్పించడానికి, 1873లో. మాండాన్ల నేల మీద జర్మన్ ఛాన్సలర్ పేరు!

ఇక్కడ మన మిత్రులతో కూడా ఒక మాట. నార్త్ డకోటా పేరెత్తగానే మనవాళ్లు నాన్‌పార్టిజన్ లీగ్ గురించి ఉత్సాహంగా చెబుతారు. చెప్పవలసిందే. తూకంలోనూ, గోధుమ రకం కట్టడంలోనూ మినియాపొలిస్ వర్తకులు చేసిన మోసానికి వ్యతిరేకంగా 1915లో రైతులు సంఘం కట్టారు. మరుసటి ఏడు తమ మనిషి లిన్ ఫ్రేజియర్‌ను గవర్నరుగా గెలిపించుకున్నారు. 1919లో ప్రభుత్వ బ్యాంకు పెట్టారు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో ప్రభుత్వ పిండి మిల్లు నడిపించారు. ఆ రెండూ ఈనాటికీ పనిచేస్తున్నాయి. పెట్టుబడిదారీ దేశం నడిబొడ్డున ఇది చిన్న విజయం కాదు. కాని ఆ రైతులకు దక్కిన 160 ఎకరాలు ఎవరివి? ఈ ప్రశ్న వెయ్యకుండా లీగును పొగిడే వ్యాసాలు నేను చాలా చదివాను. ఒకటి రాశాను కూడా. వర్తకుడు రైతును దోచిన కథ మనకు కంఠస్థం. ఆ రైతు కాలికింది నేల కథ మాత్రం మనమూ గైడు లాగానే ఖాళీగా వదిలేశాం.

‘ఖాళీ’ అన్న మాట ఏం పని చేస్తుందో చూడాలంటే గారిసన్ ఆనకట్ట దగ్గరికి రావాలి. వరద అదుపు, విద్యుత్తు పేరిట 1947లో మొదలై 1953లో పూర్తయింది. ఆ మూడు జాతులకు మిగిలిన భూమిలోంచి లక్షన్నర ఎకరాలు నీళ్లపాలయ్యాయి. పోయింది మెరక కాదు, నది వెంటనున్న పల్లపు సాగుభూమి, కలప, ఎల్బోవుడ్స్ ఊరు, ఆస్పత్రి. నూటికి ఎనభై మంది గాలి కొట్టే మెట్ట మీదికి తరలిపోవలసి వచ్చింది. ముంపంటే ఏమిటో కృష్ణా గోదావరి తీరాల వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1948లో వాషింగ్టన్‌లో భూమి రాసిచ్చే కాగితం మీద సంతకాలు జరుగుతుండగా జాతుల మండలి అధ్యక్షుడు జార్జ్ గిలెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడ్చిన ఫొటో ఉన్నది. చుట్టూ నిలబడ్డ అధికారుల కోట్లు ఎంత నలగకుండా ఉన్నాయో కూడా ఆ ఫొటోలో చూడవచ్చు.

చదరపు కిలోమీటరుకు నలుగురే అన్న సగటు అటువంటి చోట ఎంత సులువుగా అక్కరకొస్తుందో ఆలోచించండి. నలుగురిని లేపితే పోయేదేముంది! సగటుకు ఊరుండదు, శ్మశానముండదు, మొక్కజొన్న విత్తనం దాచుకున్న పాతరుండదు. ముంచిన నీటికి హిడాట్సాల నడుమ బతికిన సకాకవియా అనే స్త్రీ పేరు పెట్టారు. నిర్వాసితులకు కట్టిన ఊరికి ‘న్యూ టౌన్’ అన్న పేరుతో సరిపెట్టారు.

ఇదంతా విని ఆ అమ్మాయి, “మరి పరీక్షలో ఏం రాయమంటారు సార్?” అన్నది. గైడులో ఉన్నదే రాయమన్నాను. మార్కులు నా చేతిలో లేవు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతూనే ఈ వ్యాసం రాస్తున్నాను. గైడు అంచున 2,405 అన్న అంకె వేసుకుని, దాని కింద గీత గీసుకుని వెళ్లిపోయింది.