టూర్ రద్దయింది, మరి మన డబ్బు?



జూన్ 12న బడి తెరిచేలోపు ఒక్కసారైనా విమానం ఎక్కించాలని జనవరిలోనే డబ్బు కట్టేసే కుటుంబాలు మన బోరబండలోనూ పెరిగాయి. సంతోషమే. కానీ పోయినేడు మా ఎనిమిదో తరగతి అబ్బాయి నాన్నగారు పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చి మార్కుల సంగతే ఎత్తలేదు. "మేడమ్, ఈ ఇంగ్లీషులో ఏం రాసుందో కొంచెం చూసి చెప్తారా?" అని ఫోన్ చేతికిచ్చారు. నలుగురికి దుబాయ్ టూర్. విమానాన్ని కంపెనీయే రద్దు చేసింది. ట్రావెల్స్ వాళ్ళు డబ్బుకు బదులు ఏడాదిలోపు వాడుకోమని క్రెడిట్ నోట్ పంపారు. ఆయన ఫోన్‌లో సరేనన్నారట కూడా.

ఆ "సరే" తొందరపడి అనొద్దనే నేను చెప్పేది. ముందు తేల్చుకోవాల్సింది రద్దు చేసింది ఎవరన్నది. 2025 మేలో టర్కీ, అజర్‌బైజాన్ టూర్లను మనవాళ్ళు చాలామంది తామే మానుకున్నారు. అలా మానుకుంటే షరతుల ప్రకారం కోత తప్పదు. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌ని వరద ముంచెత్తినప్పుడు విమానాలే ఆగిపోయాయి. ఆ లెక్క వేరు, అక్కడ డబ్బు వెనక్కి అడగొచ్చు. డబ్బును క్రెడిట్‌గా ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టమేగానీ కంపెనీ ఇష్టం కాదని డీజీసీఏ నిబంధన చెబుతోంది. ఏజెంటు దగ్గర కొన్న టికెట్టుకైనా రిఫండ్ బాధ్యత విమాన సంస్థదే. విదేశీ సంస్థ అయితే రిఫండ్ పద్ధతి వాళ్ళ దేశపు నిబంధనల మీద ఆధారపడుతుంది. కోవిడ్ రోజుల కేసులో 2020 అక్టోబర్ 1న తీర్పిచ్చిన సుప్రీంకోర్టు కూడా, క్రెడిట్ షెల్‌ను 2021 మార్చి 31 లోపు వాడుకోకపోతే ఆ డబ్బు తిరిగివ్వాల్సిందే అంది.

"నాన్ రిఫండబుల్" అనే మాట చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరే రద్దు చేసుకున్నా అందులోని విమానాశ్రయ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వెనక్కి రావాలి. అడిగేవాళ్ళే తక్కువ. టూర్ ప్యాకేజీ మీద వసూలు చేసిన టీసీఎస్ మీ పాన్ కింద ఫారం 26ఏఎస్‌లో కనబడితే, ఇన్‌కం టాక్స్ రిటర్న్‌లో దాన్ని లెక్కలోకి తెచ్చుకోవచ్చు. వీసా ఫీజు మాత్రం మామూలుగా తిరిగి రాదు, దాన్ని మర్చిపోండి.

ఇక నా సొంత సబ్జెక్టు సంగతి. ఫార్మల్ లెటర్ అనగానే మా పిల్లలు వెలగని వీధి దీపాల గురించి కమిషనర్‌కు రాస్తారు, మేం మార్కులు వేసి ఊరుకుంటాం. ఈసారి ఆ అబ్బాయితో నిజం ఉత్తరమే రాయించాను. బుకింగ్ నంబరు, కట్టిన తేదీ, మొత్తం, రద్దు చేసింది ఎవరు, క్రెడిట్ నోట్ మాకు వద్దు, 15 రోజుల్లో అదే ఖాతాలో వేయండి. అంతే, ఒక పేజీ. మొదటి చిత్తులో "కైండ్లీ" ఆరుసార్లు వచ్చింది. ఐదు కొట్టేశాం. వాళ్ళ నాన్న సంతకంతో ఈమెయిల్ ట్రావెల్స్‌కూ, విమాన సంస్థకూ వెళ్ళింది. అంతకుముందు ఆయన చేసిన ఫోన్లకు లెక్క లేదు, చూపించడానికి ఒక్క కాగితమూ లేదు. పుణ్యానికి ఆ "సరే" కూడా రాతలో లేదు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు.

టికెట్ల డబ్బు నెల దాటాక వచ్చింది. హోటల్ డబ్బు ఇంకా రాలేదు. రసీదులన్నీ తేదీల వారీగా పేర్చి, రెండో ఉత్తరం వాడే రాసుకొచ్చాడు. దిద్దడానికి నా బల్ల మీదే ఉంది.