ఎడారి నగరమునకు ప్రయాణము: విమానమా, మోటారా?



గడచిన మాసమున ఒక సోదరి నాకు జాబు వ్రాసిరి. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరమున కాపురమున్న కుమారుని చూడబోవుచున్నారట. వేసవిలో అతడు తల్లిని లాస్ వేగాస్ నగరమునకు తీసికొనిపోవ నిశ్చయించినాడట. విమానమున పోవుట మేలో, మోటారులో పోవుట మేలో తెలుపుమని వారి కోరిక. మా అక్కగారింట కొన్నాళ్లుండినపుడు ఆ త్రోవను నేను రెండు విధములను చూచియుంటిని గనుక నాకు తోచినది వ్రాయుచున్నాను.

లాస్ వేగాస్ అనగా స్పానిషు భాషలో పచ్చికబయళ్లని యర్థము. మొహావి యెడారి నడుమ నీటి యూటలుండి, వానిచుట్టు గడ్డి పెరుగుటచే ఆ పేరు కలిగినది. 1905లో రైలు కంపెనీవారు స్థలములను వేలము వేయగా ఊరు వెలసినది. 1962 నాటికి ఆ యూటలు ఎండిపోయినవి. నేడు నగరము త్రాగు నీరు నూటికి తొంబదిపాళ్లు కొలరాడో నదిది. 1935లో పూర్తియైన హూవరు ఆనకట్ట వెనుక ఆ నీరు సరస్సై నిలిచియున్నది. జూదము 1931 నుండి అచట చట్టసమ్మతము. ధర్మరాజు కథయు, నలుని కథయు చదివిన మనకు ఆ విషయమున వేరుగ చెప్పవలసినది లేదు. విమానము దిగిన చోటనే, పెట్టెలు చేతికి రాకమున్నే, జూదపు యంత్రములు కిలకిలలాడుచు పిలుచునని మాత్రము తెలిసికొనుడు.

విమానమున పోవువారు ఆకాశమున గడపునది గంటకు కొంచెము ఎక్కువ. అయినను ముందుగా చేరి తనిఖీకై వరుసలో నిలుచుట, దిగినపిదప పెట్టెలకై కాచియుండుట, అన్నియు కలిపి చూడ నాలుగు గంటలకు తక్కువ కాదు. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవము గొనిపోనీయరు. మన ఆవకాయయు, పెరుగును వారి లెక్కలో ద్రవములే గనుక వానిని పెద్దపెట్టెలో సర్దవలెను. నీటిసీసాను ఖాళీగా తీసికొనిపోయి తనిఖీ దాటినపిదప నింపుకొనవచ్చును. మధ్యాహ్నపువేళ కాగిన నేలనుండి వేడిగాలి పైకెగయుటచే విమానము కుదుపులిచ్చును. కడుపులో త్రిప్పు స్వభావము గలవారికి ఉదయపు విమానము మేలు.

మోటారు మార్గము సుమారు 270 మైళ్లు, అనగా 435 కిలోమీటర్లు. నాలుగైదు గంటల ప్రయాణము. శుక్రవారము సాయంకాలము పోవుటయు, ఆదివారము మధ్యాహ్నము మరలుటయు తలపెట్టకుడు. ఆ వేళల కార్లు చీమలబారువలె నిలిచిపోవును. కహోన్ కనుమ యెక్కినపిదప పచ్చదనము సన్నగిల్లి, చేతులు చాచి నిలిచినట్లున్న జాషువా వృక్షములు కానవచ్చును. బార్‌స్టో పట్టణము దాటినచో సుమారు నూరు కిలోమీటర్లకు బేకరు అను చిన్న ఊరు. అచట 134 అడుగుల ఎత్తున ఒక ఉష్ణమాపక స్తంభము గలదు. 1913 జూలై 10వ తేదీన ఆ ప్రాంతపు డెత్ వ్యాలీ యను లోయలో 134 ఫారన్‌హీటు డిగ్రీల వేడి నమోదైనదట. అందులకు గుర్తుగా దానిని నిలిపిరి.

"రెంటచింతల యెండలు చూచినవారమే, అచటి యెండ మమ్మేమి చేయును?" అని మీరనవచ్చును. వేగాస్ నగరమున 2024 జూలై 7న 120 డిగ్రీలు, అనగా దాదాపు 49 సెంటిగ్రేడు డిగ్రీలు కాసినది. అంకె అటుండనిండు. మన సముద్రతీరపు యెండలో చెమట ధారలుగా కారి, వంటిలోని నీరు పోవుచున్నదని తెలుపును. ఎడారిగాలి చెమటను పుట్టినచోటనే ఆర్చివేయును. ఒడలు పొడిగానేయుండును, లోపల నీరు తరిగిపోవుచుండును.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇచటనే యున్నది. దారిలో మరుగునకు ఎట్లు పోవుదుమను సిగ్గుచే, మగవారిని కారు ఆపుమని అడుగుటకు మొగమాటముచే, మన ఆడవారు ప్రయాణదినమున నీరు త్రాగుట మానివేయుదురు. మా అక్కగారి అత్తగారు ఆషాఢమాసమున ఈ త్రోవనే పోవుచు ప్రొద్దుటినుండి గ్రుక్కెడు నీరు ముట్టలేదు. బేకరు చేరునప్పటికి తల తిరిగి, మాట తడబడినది. నీడకు చేర్చి, తడిగుడ్డ కప్పి, ఉప్పువేసిన మజ్జిగ కొద్దికొద్దిగా పట్టగా తేరుకొనిరి. మాట తడబాటు తగ్గకున్నను, స్మృతి తప్పినను, ఆలస్యము చేయక 911 సంఖ్యకు ఫోను చేయవలెను. స్మృతి లేనివారి నోట నీరు పోయరాదు.

ఆ త్రోవలో శుభ్రమైన మరుగుదొడ్లకు కొదవలేదు. ప్రభుత్వమువారి విశ్రాంతిస్థలములలో రుసుము కూడ లేదు. కావున బయలుదేరుటకు ముందే కుమారునితో "గంటకొకమారు కారు ఆపవలెను నాయనా" అని చెప్పివేయుడు. అడుగుటలో చిన్నతనమేమున్నది? గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి గలవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుని ముందుగా అడుగవలెను.

కారులో మనిషికొక గ్యాలను, అనగా సుమారు నాలుగు లీటర్ల నీరు ఉంచుడు. కారు చెడినచో దానిని విడిచి నడువరాదు. కారే నీడ, వెదకువారికి కానవచ్చునదియు కారే. సెల్‌ఫోను పటము చూపెనని అడ్డదారి పట్టరాదు. 2023 నవంబరులో వేగాస్ నుండి మరలుచున్న కొందరు అట్లే పోయి మన్నుదారిలో చిక్కుకొనిరి.

జాబు వ్రాసిన సోదరికి నా సలహా యిది: వేసవియైనచో విమానమే. కుమారుడు మార్గశిరమువరకు ఆగగలిగినచో మోటారు. ఆ చలిలో ఆ కొండల రంగులు చూచి తీరవలసినవి. తిరుగుదారిలో కాలిఫోర్నియా సరిహద్దు చేరువ వ్యవసాయశాఖవారి తనిఖీ గలదు. పండ్లు, మొక్కలు ఉన్నవాయని అడుగుదురు. మిగిలిన నారింజలను అంతకుముందే తినివేయుడు.